కనిపెట్టుట యనగా చేతులు ముడుచుకొనుట కాదు

(ఈ నెల బైబిలు పాఠము)

చదువవలసిన భాగములు: కీర్తన 130, 1 రాజులు 19:9–18, లూకా 2:36–38, లూకా 23:50–56, హెబ్రీ 11:13, 39, యాకోబు 5:7–8.



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గ్రామసంఘములను దర్శించునప్పుడు మేము తరచుగా వినుమాట యొకటి కలదు. కూడిక ముగిసి చాపలు చుట్టుచుండగా ఎవరో యొకరు వెనుక నిలిచి మెల్లగా అడుగుదురు: "అయ్యగారూ, ఇన్నేండ్ల సంది ప్రార్థన చేస్తున్నం. దేవుడు పలుకుతలేడు. మా మొర ఆయనకు వినబడుతలేదా?"

ఈలాగు అడుగువారు విశ్వాసము విడిచినవారు కారు. కుమారుడు త్రాగుడు మానవలెనని అడిగిన తల్లి, ఒడి నిండలేదని మాటలు పడుచున్న కోడలు, ఏటేట అప్పు పెరుగుచున్న కౌలురైతు, వీరే అడుగుదురు. వీరికి తొందరపడి జవాబు చెప్పుట మంచిది కాదు. "నీ విశ్వాసము చాలదు" అని చెప్పుట మరింత చెడ్డది. కావున ఈ నెల మనము మౌనమును గూర్చియు, కనిపెట్టుటను గూర్చియు వాక్యమేమి నేర్పుచున్నదో నిదానముగా చూతము.

1. ఆ మాటకు అర్థమేమి?

దేవునికొరకు కనిపెట్టుట యను మాట మన తెలుగు బైబిలులో అనేక పర్యాయములు వచ్చును. బడికి పోవు పిల్లలు ఆ మాట వినగానే క్రొత్త యంత్రమును కనిపెట్టుట యని తలంతురు. అయితే ఇంటి భాషలో దానికి వేరొక అర్థము కలదు. "నేను నీళ్లు తెచ్చువరకు పిల్లవానిని కొంచెము కనిపెట్టుకొని యుండుము" అని పొరుగామెతో చెప్పుదుము గదా! ఆమె ఆ సమయమున బియ్యము ఏరుకొనుచుండవచ్చును, కూర తరుగుకొనుచుండవచ్చును. చెయ్యి పనిలో నున్నను చూపు పిల్లవానిమీదనే యుండును. కనిపెట్టుట యనగా ఇదియే. మెలకువగా నుండుట, చూపు మరల్చకుండుట.

130వ కీర్తనలో భక్తుడు తన ప్రాణమును ఉదయముకొరకు చూచు కావలివారితో పోల్చెను. కావలివాడు సూర్యుని తేలేడు. ఎంత తొందరపడినను తెల్లవారుజాము ముందుగా రాదు. అయినను తెల్లవారునని అతనికి నిశ్చయము కలదు. అందుచేతనే నిద్రపోడు.

సాగరు కాలువక్రింద సేద్యము చేయు మన సహోదరులకు ఈ సంగతి చక్కగా తెలియును. రాత్రివేళ నీళ్ల వంతు వచ్చునప్పుడు రైతు పార పట్టుకొని తూము దగ్గర కూర్చుండును. దీపము చిన్నది, దోమలు పెక్కు. అరచినంతమాత్రమున నీళ్లు త్వరగా రావు. అతడు కునికినయెడల మడవ తిప్పువాడు లేక నీళ్లు వేరొకని మడిలోనికి పోవును. ఆ రైతు ఏమియు చేయుటలేదని ఎవరు చెప్పగలరు?

2. కాలువ ముందు, నీళ్లు తరువాత

నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. కాలువలకు నీళ్లు విడిచినది 1967 ఆగస్టు 4వ తేదీన, ఇందిరాగాంధీగారి చేతులమీదుగా. ఈ రెండు దినముల మధ్య దాదాపు పన్నెండు సంవత్సరములు. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల పొలములు నేడు ఆ యెడమ కాలువ నీటితో పచ్చగా నున్నవి. ఆ దినములలో మాత్రము త్రవ్వినచోట్ల ఎండిన కాలువయే కనబడియుండును. నీళ్లులేని కాలువను చూచువానికి అది వట్టి గొయ్యివలె నుండును. అయితే నీళ్లు ముందు వచ్చి కాలువ తరువాత త్రవ్వబడినయెడల ఊళ్లు మునిగిపోవును. ముందు కాలువ, తరువాత నీళ్లు. దేవుని మౌనకాలము మనలో కాలువ త్రవ్వబడు కాలమై యుండవచ్చును.

ఇక్కడ ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. ఆ పన్నెండేండ్లలో కన్నుమూసిన రైతులు ఉండిరి. వారు నీళ్లను చూడలేదు. అట్లే అడిగినది చూడకుండనే మృతినొందిన విశ్వాసులను గూర్చి హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము చెప్పుచున్నది. వారు దూరమునుండి చూచి సంతోషించిరి గాని చేతబట్టలేదు. కాబట్టి కనిపెట్టిన ప్రతివానికి కోరినది కోరినట్లు దొరకునని మేము చెప్పము. కనిపెట్టినవానిని దేవుడు మరువడని మాత్రము చెప్పుదుము.

3. మన పితరులకు ముందున్న మౌనము

నల్లగొండ సీమలో సువార్త పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషను మొదట నెల్లూరులో పాదుకొనెను. శామ్యూల్ డేగారు 1836లో ఇండియాకు వచ్చి, 1840లో నెల్లూరులో నిలిచిరి. ఏండ్లు గడిచినను ఫలము మిక్కిలి స్వల్పము. ఈ మిషనును మూసివేయుదమా యని స్వదేశములోని పెద్దలు ఒకటికంటె ఎక్కువసారులు ఆలోచించిరి. ఆ దినములలో, 1854 జనవరి 1వ తేదీన, లైమన్ జూవెట్‌గారును ఆయన భార్యయు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కూడ తెల్లవారుజామున ఒంగోలులోని ఒక కొండ యెక్కి ప్రార్థించిరి. ఆ దినమున ఏ అద్భుతమును జరుగలేదు. వారు కొండ దిగి తమ పనికి పోయిరి. ఒంగోలులో ఎనిమిదిమంది సభ్యులతో సంఘము ఏర్పడినది 1867 జనవరి 1వ తేదీన. సరిగా పదమూడు సంవత్సరములు!

తరువాత 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. జాన్ క్లౌగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వించు పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. అయితే అన్నముకొరకు వచ్చుచున్నారో ప్రభువుకొరకు వచ్చుచున్నారో తెలియవలెనని, ఆయన పదునైదు నెలలు బాప్తిస్మములు ఆపిరి. ఈ మారు కనిపెట్టినది మిషనరీ మాత్రమే కాదు, ద్వారమువద్ద నిలిచిన పేదలును కనిపెట్టిరి. సహాయము ముగియవచ్చినను వారు వెళ్లిపోలేదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఆ పదునైదు నెలలు ఎవరును చేతులు ముడుచుకొని కూర్చుండలేదనుట గమనించుడి. పారలు ఆడుచుండెను, గంజి కాగుచుండెను, ప్రార్థన సాగుచుండెను.

మన సీమలోనే మరియొక సాక్ష్యము కలదు. నల్లగొండకు అబ్రహాము ఫ్రీజెన్‌గారును, సూర్యాపేటకు హ్యూబర్ట్‌గారును రష్యా దేశపు మెన్నోనైటు సంఘములనుండి వచ్చి, బాప్టిస్టు మిషను క్రింద పనిచేసిరి. 1914లో మహాయుద్ధము, 1917లో రష్యా విప్లవము సంభవించగా ఆ స్వదేశ సంఘములనుండి వచ్చు సహాయము తెగిపోయెను. పంపినవారు మౌనులైరి. అయినను ఇక్కడ నాటబడిన సంఘములు ఆరిపోలేదు. పంపినవారి స్వరము ఆగినను, పిలిచినవాని పని ఆగదని ఇందువలన నేర్చుకొనుచున్నాము.

4. మౌనములో వినబడునది

ఏలీయా గుహయొద్ద నిలిచినప్పుడు బలమైన గాలి, భూకంపము, అగ్ని కలిగెను. వాటిలో ప్రభువు ప్రత్యక్షము కాలేదు. తరువాత మిక్కిలి నిమ్మళమైన స్వరము వినబడెను. ఆ స్వరము అతనిని జోలపాడి నిద్రబుచ్చలేదు. "ఇక్కడ నీకేమి పని?" అను భావముతో ప్రశ్నించి, అభిషేకింపవలసిన ముగ్గురి పేళ్లు చెప్పి త్రోవ పట్టించెను. నిజమైన మౌనము పనిలోనికి నడిపించును.

నేడు మన ఊళ్లలో మౌనము దొరకుట కష్టము. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిమీద సూర్యాపేటలోను కోదాడలోను రేయింబగళ్లు లారీలు పోవుచుండును. మిర్యాలగూడలో రైసుమిల్లుల హోరు. చేతిలోని ఫోను పడకలో సహితము ఊరకుండదు. మన ఆరాధనలలోను మైకుల శబ్దము పెరిగినది. పాటలు పాడుట, కేకవేసి ప్రార్థించుట తప్పని మేము చెప్పము. కీర్తనకారులును ఎలుగెత్తి మొరపెట్టిరి. అయితే మన మాటలన్నియు ముగిసిన తరువాత ఆయనకు మాటలాడుటకు రెండు నిమిషములైన నిచ్చుచున్నామా?

దుఃఖములో నున్నవారియొద్దను ఈ మౌనము అవసరము. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద అతనియొద్ద ఊరక కూర్చుండిరి. వారు చేసిన మేలు అదియే. నోరు తెరచిన తరువాతనే వారు తప్పిరి. మరణమైన ఇంటికి పోయినప్పుడు "ఇది దేవుని చిత్తము, ఏడువకుడి" అని వెంటనే బోధింపకుడి. ప్రక్కన కూర్చుండుడి. చేయి పట్టుకొనుడి. పొయ్యి వెలుగని ఇంటికి అన్నము కొనిపోవుడి. నీళ్లు తెచ్చి పెట్టుడి. అది మాటలులేని ప్రసంగము.

5. పాపమైన మౌనము

ఇందుకు ప్రతిగా ఒక హెచ్చరిక. భర్త చేతిలో దెబ్బలు తిని గుడికి వచ్చిన సహోదరితో "ఓర్చుకొనుము తల్లీ, దేవునికొరకు కనిపెట్టుము" అని చెప్పి తిరిగి పంపివేయుట వాక్యోపదేశము కాదు. సామెతలు 31:8 మూగవారి పక్షముగా నోరు తెరువుమని ఆజ్ఞాపించుచున్నది. అపాయమున నున్నదానిని క్షేమమైన చోటికి చేర్చి, పెద్దలను, అవసరమైన యెడల అధికారులను ఆశ్రయించుట సంఘముయొక్క విధి. అట్లే బిడ్డకు జ్వరము కాగుచుండగా ఆసుపత్రికి తీసికొనిపోక ప్రార్థనయే చాలునని కూర్చుండుట కనిపెట్టుట కాదు. దారిలో ప్రార్థించుచు పోవచ్చును.

మనకు కలిగిన బాధను దేవునియెదుట ఓర్చుకొనుట ఒకటి. ఎదుటివాని బాధను చూచి మనము నోరు మూసికొనుట వేరొకటి. మొదటిది విశ్వాసము. రెండవదానికి లెక్క అప్పగింపవలెను.

6. శనివారపు ఇల్లు

మన ప్రభువు మృతినొందిన శుక్రవారమును, లేచిన ఆదివారమును మనము ఆచరించుదుము. మధ్యనున్న శనివారమును గూర్చి మాటలాడువారు తక్కువ. ఆ దినమున ఆకాశమునుండి మాట లేదు, దూత లేడు, సమాధికి రాయి యున్నది. గలిలయనుండి వచ్చిన స్త్రీలు ఏమి చేసిరి? లూకా చెప్పునదేమనగా, వారు సుగంధద్రవ్యములను సిద్ధపరచి, ఆజ్ఞచొప్పున విశ్రాంతిదినమున తీరికగా నుండిరి. పునరుత్థానమగునని వారు తలంపలేదు. అయినను చేయదగిన ప్రేమకార్యమును సిద్ధముగా నుంచుకొనిరి. అందుచేత ఆదివారము ఇంకను చీకటియుండగానే బయలుదేరగలిగిరి. సువార్త మొదట వినినవారు వారే.

ప్రవక్త్రియైన అన్న యను వృద్ధ విధవరాలును దేవాలయము విడువక అట్లే కనిపెట్టెను. మన సంఘములలో ముందువరుస చాపమీద కూర్చుండు ముసలి తల్లులను చూచునప్పుడెల్ల మాకు ఆమె జ్ఞాపకము వచ్చును. వారు ప్రసంగములు చేయరు. అయితే గుడి దీపము వెలుగుచుండుట ఎవరి ప్రార్థనవలననో ప్రభువునకు తెలియును.

చాపలు చుట్టువేళ మమ్మును అడిగిన తల్లీ, నీ ప్రశ్నకు పూర్ణమైన జవాబు మాయొద్ద లేదు. దేవుడు ఎందుకు ఆలస్యము చేయుచున్నాడో మాకు తెలియదు. అయితే నీవు ఇంకను వచ్చి కూర్చుండుచున్నావు. నీ కుమారుని తలుపు దగ్గర దీపమార్పకుండ ఉంచుచున్నావు. రాత్రి అన్నము మూతపెట్టి యుంచుచున్నావు. కనిపెట్టుట యనగా అదియే. నీవు ఒంటరిగా కూర్చుండకుండునట్లు మేమును నీతోకూడ కూర్చుందుము.

ఈ నెల అభ్యాసము

ప్రతిదినము తెల్లవారుజామున, ఫోను ముట్టకముందు, ఐదు నిమిషములు మాటలులేక దేవునియెదుట కూర్చుండుడి. ప్రతి ఆదివారము ప్రసంగము ముగిసిన పిమ్మట సంఘమంతయు రెండు నిమిషములు మౌనముగా నుండుడి. జవాబుకొరకు బహుకాలము ఎదురుచూచుచున్న ఒక కుటుంబమును ఈ నెలలో దర్శించుడి. బోధించుటకు కాదు, కూడ కూర్చుండుటకు.

కూడికలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన జీవితములో నీళ్లు రాని కాలువ ఏది? అందులో మనము చేయదగిన పని యేమి?
2. మనము మాటలాడవలసిన చోట మౌనముగా నున్నామా? మౌనముగా నుండవలసిన చోట మాటలాడితిమా?
3. మన ఊరిలో ఎవరి ప్రక్కన కూర్చుండుటకు ప్రభువు మనలను పిలుచుచున్నాడు?

ప్రార్థన

ప్రభువా, నీవు పలుకునప్పుడు వినుటకు చెవులిమ్ము. నీవు పలుకనప్పుడు నిలుచుటకు కాళ్లిమ్ము. నీళ్లు వచ్చు దినమున మా మడవలు సిద్ధముగా నుండునట్లు మా చేతులకు పని నేర్పుము. చూడకుండనే కన్నుమూసిన మా పెద్దలతోకూడ మమ్మును నీ ఉదయమునకు చేర్చుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.