సగం ఫొటో నుంచి పూర్తి విమానం: హిజ్లీ ఆకాశం నేర్పే పాఠం

ఒక పాత ఫొటో దొరికిందనుకుందాం. అందులో విమానం మొత్తం లేదు. ఒక ప్రొపెల్లర్, ఇంజను తొడుగులో కొంత భాగం, పక్కన నిలబడ్డ ఒక మనిషి మాత్రమే కనిపిస్తున్నారు. వెనకవైపు తారీఖు లేదు, ఊరి పేరు లేదు. అది ఏ విమానమో, ఎప్పటిదో చెప్పగలమా?

చాలాసార్లు చెప్పగలం. ఇలాంటి అసంపూర్ణ ఫొటోల నుంచి పాతకాలపు విమానాలను గుర్తుపట్టడం ప్రపంచంలో ఎంతోమందికి ఇష్టమైన కాలక్షేపం. వందల విమానాల బొమ్మలు గుర్తుపెట్టుకున్న వారికే ఇది సాధ్యమని అనిపించవచ్చు. జ్ఞాపకశక్తి ఉపయోగపడుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, ఏది కాదో ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ వెళ్లే పద్ధతి. ఈ పద్ధతిని పరీక్షించడానికి హిజ్లీ మంచి చోటు.

హిజ్లీకి విమానాలతో సంబంధం ఏమిటి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణాన్ని ఆనుకుని హిజ్లీ ఉంది. తెలుగువారికి ఖరగ్‌పూర్ కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పనికోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. హిజ్లీ పేరు చెబితే ముందుగా స్వాతంత్ర్య సమరయోధులను ఉంచిన నిర్బంధ శిబిరం, 1931 సెప్టెంబర్ 16న అక్కడ జరిగిన కాల్పులు గుర్తొస్తాయి. 1951లో ఐఐటీ ఖరగ్‌పూర్ మొదలైంది కూడా ఆ భవనంలోనే.

ఈ రెండింటికీ మధ్య మరో అధ్యాయం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఇరవయ్యో బాంబర్ కమాండ్ తన ప్రధాన కార్యాలయాన్ని హిజ్లీలోనే పెట్టుకుంది. బోయింగ్ బీ-29 సూపర్‌ఫోర్ట్రెస్ అనే భారీ బాంబర్లు 1944 ఏప్రిల్ నుంచి చుట్టుపక్కల సలువా, చాకులియా, పియార్డోబా, దూద్‌కుండి వంటి విమాన క్షేత్రాలకు చేరాయి. ఆ రకం విమానాలు మొదటిసారి యుద్ధానికి బయలుదేరింది ఇక్కడి నుంచే. 1944 జూన్ 5న 98 విమానాలు బ్యాంకాక్‌లోని రైల్వే వర్క్‌షాపుల మీద దాడికి లేచాయి. 1945 తొలి సగంలో ఈ దళం పసిఫిక్ మహాసముద్రంలోని మేరియానా దీవులకు తరలిపోయింది.

కాబట్టి ఖరగ్‌పూర్‌లో తీసిన ఫొటోలో ఉన్నది బీ-29 అని రుజువైతే, ఆ ఫొటో దాదాపు ఒక్క ఏడాది వ్యవధిలోనిదని కూడా తేలుతుంది. విమానం పేరు తెలిస్తే తారీఖు దానంతట అదే దగ్గరకొస్తుంది.

నాలుగు ప్రశ్నలు

యుద్ధకాలంలో ఆకాశంలో వెళ్లేది మిత్రుల విమానమో, శత్రువుల విమానమో క్షణాల్లో చెప్పాల్సి వచ్చేది. అందుకోసం బ్రిటన్‌లో పరిశీలకుల దళాలు పనిచేశాయి. నీడబొమ్మల కార్డులు, పత్రికలు వచ్చాయి. అమెరికాలో బడి పిల్లలు చెక్కతో విమానాల నమూనాలు చేసి సైన్యానికి ఇచ్చారు. అప్పుడు నేర్పిన క్రమం ఇప్పటికీ పనికొస్తుంది: రెక్కలు, ఇంజన్లు, మొండెం, తోక.

రెక్క మొండేనికి పైన అతుక్కుందా, మధ్యలోనా, కిందనా? ఇంజన్లు ఎన్ని, ఒక్కో ప్రొపెల్లర్‌కు బ్లేడ్లు ఎన్ని? ముక్కు అద్దాలతో నున్నగా ఉందా, పైలట్ ముందు మెట్టులా లేచిందా? నిలువు తోక ఒకటా, రెండా?

ఖరగ్‌పూర్ ప్రాంతానికి ఆ రోజుల్లో వచ్చిన విమానాల్లో బీ-24 కు నాలుగు ఇంజన్లు, జంట తోకలు, మూడు బ్లేడ్ల ప్రొపెల్లర్లు ఉండేవి. సీ-47 కు రెండు ఇంజన్లు, మూడు బ్లేడ్లు. బీ-29 కు నాలుగు ఇంజన్లు, నాలుగు బ్లేడ్లు, ఒకే పెద్ద తోక. ఫొటోలో నాలుగు బ్లేడ్లు స్పష్టంగా కనిపిస్తే మొదటి రెండూ పోతాయి. అలాగని బీ-29 అని వెంటనే రాసేయకూడదు. సీ-46 అనే రవాణా విమానానికి కూడా నాలుగు బ్లేడ్ల ప్రొపెల్లర్ ఉండేది.

ఈ పద్ధతికి ప్రాణం ఇదే: సరిపోలే పది లక్షణాల కన్నా సరిపోలని ఒక్క లక్షణం విలువైనది. పోలికలు ఆశ పెడతాయి. తేడా మాత్రం తీర్పు చెబుతుంది.

స్కేలుతో ఒక లెక్క

మన ఊహా ఫొటోకు తిరిగి వద్దాం. ప్రొపెల్లర్ పక్కనే మనిషి ఉన్నాడు. ఫొటోలో అతని ఎత్తు 4 సెంటీమీటర్లు, ప్రొపెల్లర్ వ్యాసం 12 సెంటీమీటర్లు ఉందనుకోండి. అంటే ప్రొపెల్లర్ మనిషికి మూడు రెట్లు. మనిషి ఎత్తు 1.7 మీటర్లు అయితే వ్యాసం 5.1 మీటర్లు.

మనిషి ఎత్తు మనకు కచ్చితంగా తెలియదు కదా? అందుకే హద్దులు వేసుకోవాలి. 1.6 మీటర్లయితే వ్యాసం 4.8, 1.8 మీటర్లయితే 5.4. బీ-29 ప్రొపెల్లర్ వ్యాసం సుమారు 5.05 మీటర్లు, సీ-46 ది సుమారు 4 మీటర్లు, బీ-24 ది సుమారు 3.5 మీటర్లు. మన హద్దుల్లో పడేది బీ-29 ఒక్కటే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మనిషి ప్రొపెల్లర్ కన్నా కెమెరాకు దగ్గరగా ఉంటే పెద్దగా కనిపిస్తాడు, మన లెక్క అసలు వ్యాసం కన్నా తక్కువ చూపిస్తుంది. వెనక ఉంటే ఎక్కువ చూపిస్తుంది. అతని పాదాలు, నీడలు ఎక్కడ పడుతున్నాయో చూసి ఈ సంగతి తేల్చుకోవాలి. ప్రొపెల్లర్ కెమెరాకు ఎదురుగా కాక పక్కకు తిరిగి ఉంటే వృత్తం కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. అప్పుడు దాని పొడవాటి కొలతనే తీసుకోవాలి.

రంగులు, అంకెలు చెప్పే తారీఖు

ఆకారం విమానం రకాన్ని చెబితే, దానిమీది గుర్తులు కాలాన్ని చెబుతాయి. అమెరికా విమానాల నక్షత్రం మధ్యలో ఉండే ఎర్ర చుక్కను 1942లో తీసేశారు. 1943లో నక్షత్రానికి ఇరుపక్కలా తెల్ల పట్టీలు వచ్చాయి. ఆ పట్టీల మధ్య ఎర్ర గీత చేరింది 1947లో. ఎర్ర గీత ఉన్న బీ-29 ఫొటో కింద ‘ఖరగ్‌పూర్, 1944’ అని రాసి ఉంటే, ఎంత అందమైన చేతిరాత అయినా నమ్మనక్కరలేదు. ఆగ్నేయాసియాలో బ్రిటిష్ విమానాల గుండ్రటి గుర్తులోంచి కూడా ఎరుపును తీసేశారు. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడితో పొరబడకుండా చేసిన ఏర్పాటు అది.

తోక మీది అంకెలు ఇంకా నేరుగా మాట్లాడతాయి. అమెరికా సైనిక విమానాల సంఖ్య కొనుగోలు ఏడాదితో మొదలవుతుంది. తోక మీద రాసేటప్పుడు ఏడాదిలోని మొదటి అంకె వదిలేసేవారు. అంటే 42-6365 సంఖ్య గల విమానం తోక మీద 26365 అని ఉంటుంది. చదివే ముందు ఫొటో కుడి ఎడమలు తారుమారుగా ముద్రించలేదని అక్షరాలను బట్టి నిర్ధారించుకోవాలి.

ఆకారం సరిపోని చోట

42-6365 సంఖ్యను ఊరికే ఎంచుకోలేదు. ‘జనరల్ హెచ్.హెచ్. ఆర్నాల్డ్ స్పెషల్’ అనే ఆ విమానం ఖరగ్‌పూర్‌లో ఉండే 468వ దళానిది. 1944 నవంబర్ 11న చైనా మీదుగా జపాన్‌పై దాడికి వెళ్లి, తిరిగి రాలేక సోవియట్ భూభాగంలోని వ్లాదివోస్తోక్‌లో దిగింది. అప్పటికి సోవియట్ యూనియన్, జపాన్‌ల మధ్య యుద్ధం లేదు. అందువల్ల విమానాన్ని అక్కడే ఉంచేసుకున్నారు. ఆ ఏడాది అలా మొత్తం మూడు బీ-29 లు చెడిపోకుండా వారి చేతికి చిక్కాయి. మూడూ ఖరగ్‌పూర్ చుట్టుపక్కల స్థావరాల నుంచి వెళ్లినవే.

వాటిని చూసి అచ్చంగా అలాంటిదే తయారు చేయాలని స్టాలిన్ ఆదేశించాడు. తుపోలెవ్ బృందం ఒక విమానాన్ని భాగాలుగా విప్పేసింది. ఒకదాన్ని ఎగిరించి పరీక్షలకు వాడింది. మరొకదాన్ని పోల్చి చూసుకోవడానికి ఉంచింది. అలా పుట్టింది టీయూ-4.

1947 ఆగస్టు 3న మాస్కో దగ్గర తుషినోలో వైమానిక ప్రదర్శన జరిగింది. మూడు పెద్ద బాంబర్లు ఎగురుతూ వచ్చాయి. పాశ్చాత్య పరిశీలకులు చూసి, ఇవి మన మూడు బీ-29 లే అనుకున్నారు. ఆకారం పూర్తిగా సరిపోయింది, లెక్క కూడా సరిపోయింది. అంతలో నాలుగోది కనిపించింది. అవే రెక్కలతో చేసిన ప్రయాణికుల విమానం, టీయూ-70. మూడు చిక్కిన చోట నాలుగు ఎగురుతున్నాయంటే కొత్తవి తయారవుతున్నాయన్న మాట. ఏ నీడబొమ్మల కార్డూ చెప్పలేని సంగతిని ఒక చిన్న కూడిక చెప్పింది. విమానం రకాన్ని గుర్తుపట్టడం వేరు, ఫలానా విమానమే అని గుర్తుపట్టడం వేరు. రెండోదానికి ఆకారం చాలదు. సంఖ్య, మరమ్మతు అతుకు, రంగు పట్టీ వంటి ఆధారం కావాలి.

విశాఖ తీరంలో దాయాది

ఈ కథ కొస తెలుగు నేల మీదే ఉంది. టీయూ-4 అనుభవంతో తుపోలెవ్ సంస్థ టీయూ-95 ను, దాని నుంచి సముద్ర గస్తీ కోసం టీయూ-142 ను రూపొందించింది. భారత నౌకాదళం 1988 నుంచి 2017 వరకు టీయూ-142 విమానాలను నడిపింది. వాటిలో ఒకటి 2017 డిసెంబర్ నుంచి విశాఖపట్నం బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది. వెనక్కి వాలిన రెక్కలు, ఒకే ఇరుసు మీద ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు చూస్తే బీ-29 పోలికే లేదనిపిస్తుంది. కానీ మొండెం వ్యాసం సుమారు 2.9 మీటర్లు. బీ-29 దీ అంతే. పైకి కనిపించని బంధుత్వాన్ని కొలత పట్టిచ్చింది.

మీరూ ప్రయత్నించండి

మొదలుపెట్టడానికి ఇంట్లోని పాత ఆల్బమ్ చాలు. కలైకుండా వంటి నేటి వైమానిక స్థావరాల దగ్గరకు కెమెరాతో వెళ్లవద్దు. ఈ అభిరుచికి పాత ఫొటోలే పాఠ్యపుస్తకాలు. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: కంటికి కనిపిస్తున్నవి, వాటి నుంచి ఊహించినవి, ఇతరులు చెప్పినవి. ఏ గడిలోది ఆ గడిలోనే ఉంచండి. చివర ‘బీ-29 కావచ్చు’, ‘బీ-29 రకమే’, ‘ఫలానా సంఖ్య గల బీ-29’ అనే మూడు మెట్లలో మీ ఆధారం ఏ మెట్టు దాకా వచ్చిందో అక్కడే ఆగండి.

తాతల కాలం ఫొటో వెనక మనం రాసే మాటను రేపటి తరం చరిత్రగా చదువుతుంది. తెలిసినంత వరకే రాస్తే, మిగతాది వాళ్లు పూర్తి చేస్తారు.