బతికున్నవాళ్ళకీ గోడ మీద చోటివ్వు

రాజమండ్రి

చి.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

వైజాగ్‌లో మీరు కొన్న ఫ్లాటు ఫోటోలు చూశాను. హాలు గోడ బోసిగా ఉంది, ఏం పెట్టమంటావని అడిగావు. అల్లుడు ఏడు తెల్ల గుర్రాలు పరిగెత్తే బొమ్మ తెస్తానంటున్నాడట. వాస్తుకి మంచిదంటే నేను కాదనను గానీ, ఆ గుర్రాలు మా వీధిలో ఇప్పటికే నాలుగిళ్ళలో పరిగెడుతున్నాయి.

నన్నడిగితే మీ ఇంట్లోవాళ్ళనే పెట్టు. పెళ్ళి ఫోటో, కాన్వొకేషన్ గౌను ఫోటో ఎలాగూ పెడతావు. నేను చెప్పేది వాటి గురించి కాదు. మామూలు రోజున మామూలు పనిలో ఉన్న మనిషి ఫోటో పటం కట్టించు.

మన ఇళ్ళల్లో గోడెక్కాలంటే దేవుడన్నా అయి ఉండాలి, పోయినవాళ్ళన్నా అయి ఉండాలి. మీ అమ్మమ్మ పోయినప్పుడు దండ వెయ్యడానికి ఆవిడ విడి ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి మొహం తీసి, పెద్దది చేయించి, పక్కావిడ భుజం కనబడకుండా నీలం రంగు నింపారు. స్టూడియో అతను అడక్కుండానే చీరకి జరీ అంచు కూడా వేసిచ్చాడు. అందులో ఉన్నది అమ్మే, కానీ అమ్మ ఎప్పుడూ అలా కూర్చోలేదు, అంత గట్టిగా నోరు మూసుకోనూలేదు.

అప్పట్లో దానికి కారణముంది. మీ తాతయ్యది ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా. రోలుకి 12 ఫోటోలు. తిరపతికి నాలుగు, అన్నప్రాశనకి నాలుగు పోతే, రుబ్బురోలు దగ్గర కూర్చున్న మనిషి మీద ఒకటి ఖర్చుపెడతారా? పైగా ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ముసలమ్మలు హడలగొట్టేవాళ్ళు. నీకా ఇబ్బందేం లేదు. నీ ఫోన్లో వేల ఫోటోలున్నాయి, ఒక్కదాన్నీ రెండోసారి చూసిన పాపాన పోవు.

ఏరేటప్పుడు కెమెరా వైపు చూసి నవ్వేవన్నీ పక్కన పెట్టెయ్. పోయిన శ్రావణమాసంలో నువ్వు పంపినవాటిలో ఒకటుంది చూడు. మీ అమ్మ నేల మీద కూర్చుని కనకాంబరాలు కడుతోంది. దారం కాలి బొటనవేలికి మెలేసుకుంది, పక్కన తడిగుడ్డలో మరువం ఉంది. కళ్ళు మాత్రం టీవీ మీదే, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. అది పెట్టు. వెనకాల కుర్చీలో ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టల మూట కనబడుతోందని కత్తిరించకు. ఇరవై ఏళ్ళు పోయాక మీ పిల్ల ముందు చూసేది ఆ మూటనే, ఆ కుర్చీనే. “జిడ్డు మొహం, నలిగిన చీర, నీకింకోటి దొరకలేదుటే” అని మీ అమ్మ గోల పెడుతుంది. పెట్టనీ.

అన్నీ హాల్లో చుట్టాలకి ప్రదర్శన పెట్టాల్సిన పనిలేదు. వంటింటి గుమ్మం పక్కన ఒకటి, మంచం దిగగానే కనబడేచోట ఒకటి చాలు. దక్షిణపు గోడ పోయినవాళ్ళది అని వదినగారు అంటే ఎదురు చెప్పకు. మిగతా మూడు గోడలూ నీవే.

ప్రింటు విషయంలో జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపు. 12 మెగాపిక్సెళ్ళ ఫోటోలో పొడుగువైపు 4000 చుక్కలుంటాయి, అంగుళానికి 300 చొప్పున 13 అంగుళాల దాకా పెద్దది చేసినా చెదరదు. గ్లాసీ కాయితం వద్దు, లైటు పడితే మెరుపు తప్ప మనిషి కనబడడు. మ్యాట్ వేయించు. పటం కట్టే అతనితో మౌంటు బోర్డు పెట్టమని గట్టిగా చెప్పు. మీది సముద్రం గాలి, అద్దానికి ఆనించి బిగిస్తే చెమ్మకి ఫోటో అతుక్కుపోతుంది, తర్వాత పీకితే చిరుగుతుంది. ఎండ నేరుగా పడే గోడా, బాత్రూము గోడా వదిలెయ్.

ఎత్తు కూడా చూసుకో. మా చిన్నప్పుడు పటాలు దూలాల కింద, ముందుకి వాలేట్టు కట్టేవాళ్ళు. వాటి వెనకాల పిచ్చుకలు కాపురం పెట్టేవి తప్ప మనుషులు తలెత్తి చూసింది తక్కువ. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల దగ్గరుంటే నిలబడ్డవాళ్ళ కంటికి సరిపోతుంది. పిల్లకి కూడా కనబడాలంటే ఒకటి బల్ల మీద పెట్టు.

అల్లుడు డ్రిల్లు పట్టుకునే ముందు ఒక్క మాట చెప్పు. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా ఎక్కడా రంధ్రం పెట్టకూడదు, కరెంటు పైపులు మామూలుగా అటే పోతాయి. మేకులు ఇనుపవి కాకుండా స్టెయిన్‌లెస్ స్టీలువి తెమ్మను, ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి గోడంతా చార కడుతుంది.

ఉంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ