సెవిల్‌లో ఒంటరిగా ఒక రోజు: ఎండను బట్టి నడక

దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్ నగరాన్ని ఒక్కరే ఒక రోజులో చూడాలంటే, ముందు అక్కడి గడియారం సంగతి తెలియాలి. ఊరు ఉన్నది లండన్‌కు పడమరగా, పాటించేది 1940 నుంచీ బెర్లిన్ కాలం. వేసవిలో ఇంకో గంట ముందుకు జరుపుతారు. దాంతో జూన్‌లో అసలైన మిట్టమధ్యాహ్నం గడియారంలో దాదాపు రెండున్నరకు వస్తుంది. ఎండ బాగా ముదిరేది సాయంత్రం ఐదు, ఆరు గంటలకు. పొద్దుగూకేది తొమ్మిదిన్నర దాటాకే. మన అలవాటు కొద్దీ నాలుగింటికి చల్లబడుతుందని గది దాటితే రోజు పాడవుతుంది. అందుకే రోజును రెండు ముక్కలు చేసుకోండి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మధ్యలో నిద్ర. ఒంటరి ప్రయాణంలో ఈ కోత వేసుకోవడం తేలిక, ఎవరినీ ఒప్పించనక్కర్లేదు.

మొదటి పని ముందే చేయాలి. అల్కాసర్ రాజభవనానికి పొద్దున తెరిచే వేళకే టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి. లోపలికి వెళ్లే గంట టికెట్ మీదే ఉంటుంది. అక్కడికక్కడ కొందామనుకుంటే వరుసలోనే పొద్దు ఎక్కుతుంది.

లేచాక ఏదైనా బార్‌లో కౌంటర్ దగ్గర నిలబడి టిఫిన్ చేయండి. అక్కడ బార్ అంటే మందు దుకాణమే కాదు, పొద్దున కాఫీ ఇచ్చేదీ అదే. కాల్చిన రొట్టె మీద ఆలివ్ నూనె, చిదిమిన టమాటా, పక్కన పాలు కలిపిన కాఫీ. మధ్యాహ్నం దాకా ఇది చాలు.

అల్కాసర్‌కు మాత్రం సమయం ధారాళంగా ఇవ్వండి. 1360లలో పేద్రో రాజు కట్టించిన భవనం దానికి గుండెకాయ. ఆయన క్రైస్తవుడు. పని చేసిన వాళ్లలో గ్రనాడా నుంచి వచ్చిన ముస్లిం శిల్పులూ ఉన్నారు. గోడల మీది అరబ్బీ రాతలో రాజును సుల్తాన్ అని కీర్తించారు. యుద్ధాలు ఒక పక్క నడుస్తుండగానే ఒకరి కళను మరొకరు ఇంత ప్రేమగా ఇంట్లో పెట్టుకున్నారంటే, అది నిలబడి చూడవలసిన సంగతి. గుంపుతో వెళ్తే గైడు తొందర చేస్తాడు. ఒక్కరే కాబట్టి కన్యల ప్రాంగణంలో నీటి తొట్టి పక్కన ఒక గోడనే ఎంచుకొని, కింది పింగాణీ పలకల నుంచి పైన గచ్చు నగిషీ దాకా నింపాదిగా చూడండి. తర్వాత తోటలోకి నడవండి.

బయటికి వచ్చాక ఎదురుగానే ఇండీస్ ఆర్కైవ్. స్పెయిన్ అమెరికా ఖండాలనూ ఫిలిప్పీన్స్‌నూ ఏలిన నాటి దస్తావేజులను 1785లో ఇక్కడ ఒకచోట చేర్చడం మొదలుపెట్టారు. ప్రవేశం ఉచితం, లోపల చల్లగా ఉంటుంది. ఒక అరగంట చాలు.

పక్కనే కథీడ్రల్. ఆ టికెట్‌తోనే హిరాల్దా గోపురమూ ఎక్కవచ్చు. 12వ శతాబ్దం చివర మసీదు మినార్‌గా లేచిన కట్టడం అది. పై గంటల అంతస్తు 16వ శతాబ్దంలో చేర్చారు. లోపల దాదాపు అంతా వాలు దారే, మెట్లు చివర కొన్నే. అజా ఇచ్చేవారు గుర్రం మీద పైకి వెళ్లడానికే అలా కట్టారని చెబుతారు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు కూడా మెల్లగా ఎక్కగలరు. కింద కొలంబస్ సమాధిని నలుగురు రాజభటుల విగ్రహాలు మోస్తుంటాయి. బయట గుమ్మాల దగ్గర రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టి డబ్బులడిగే వాళ్లుంటారు, ఒంటరిగా ఉన్నవారిని ముందు పట్టుకుంటారు. చెయ్యి చాపకుండా ముందుకు సాగండి.

రెండింటికి భోజనం, అక్కడి వాళ్లు తినేదీ అప్పుడే. తపాస్ అంటే చిన్న పళ్లేలు, ఒక్కరికి ఇంతకంటే అనువైన పద్ధతి లేదు. శాకాహారులు పాలకూర, శనగల కూర అడగండి. జీలకర్ర వాసనతో మన నాలుకకు దగ్గరగా ఉంటుంది. చల్లటి టమాటా సల్మోరేహో మీద పంది మాంసపు ముక్కలు, గుడ్డు చల్లుతారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘సిన్ హమోన్, సిన్ వేవో’ అంటే ఆ రెండూ వేయరు.

గదికి వెళ్లేటప్పుడు శాంతాక్రూజ్ సందుల గుండా నడవండి. నీడ కోసమే అన్నట్టు ఇరుకుగా ఉంటాయి. ఇనుప గేట్లలోంచి కనిపించే ఇళ్ల నడిమి ఖాళీలు మన మండువా లోగిళ్లలాగే గాలినీ వెలుతురునూ లోపలికి తెచ్చుకుంటాయి. కొన్ని బజార్లలో వేసవికి ఇళ్ల మధ్య గుడ్డ పందిళ్లు కడతారు. ఎండతో ఇన్ని శతాబ్దాలు కాపురం చేసిన ఊరు ఇది. వడగాడ్పులకు అధికారికంగా పేర్లు పెట్టడం ప్రపంచంలో మొదలైందీ ఇక్కడే, 2022లో. కాబట్టి కిటికీ తలుపులు మూసి రెండు మూడు గంటలు పడుకోవడం బద్ధకం కాదు, ఊరి పద్ధతి.

ఏడున్నరకు మళ్లీ బయల్దేరండి. మరియా లూయిసా పార్కు చెట్ల కింద నుంచి ప్లాసా దె ఎస్పాన్యాకు. 1929 ప్రదర్శన కోసం అనిబల్ గొన్సాలెస్ రూపొందించిన అర్ధవలయం అది. గోడ వెంట స్పెయిన్ జిల్లాల పేర్లతో పింగాణీ అరుగులు, ఒక్కోదాని మీద ఆ జిల్లా కథ బొమ్మలుగా. అక్కణ్నుంచి గ్వాదల్కివీర్ నది ఒడ్డు పట్టుకోండి. 1519లో మాగెల్లాన్ నౌకలు ఈ నగరం నుంచే బయల్దేరాయి. 1852 నాటి ఇనుప వంతెన దాటితే పింగాణీ పనివాళ్ల పేట త్రియానా. రాత్రి భోజనం అక్కడే, తొమ్మిదిన్నర తర్వాత. వీధుల్లో పిల్లలూ ముసలివాళ్లూ అర్ధరాత్రి దాకా తిరుగుతుంటారు, ఒంటరి మనిషికి అదే ధైర్యం. ఫోన్ మాత్రం బల్ల మీద వదలొద్దు.

నెల ఎంచుకునే వీలుంటే మార్చి చివర వెళ్లండి. అప్పుడు వీధుల్లోని చేదు నారింజ చెట్లు పూస్తాయి, మధ్యాహ్నం కూడా నడవచ్చు. ఈస్టర్ ముందు వారం గదులు దొరకవు, ఆ తేదీలు చూసుకోండి. జూలై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. ఆ రెండు నెలలూ ఒంటరిగా వెళ్లొద్దనే నా సలహా.