తడి రన్‌వే మీద టేకాఫ్ లెక్క

వర్షంలో విమానం దిగడమే కష్టం, ఎగరడానికేం అనుకుంటాం. కాని రన్‌వే తడిస్తే ఎగిరే లెక్క కూడా మారిపోతుంది. ఎలాగో చూద్దాం.

టేకాఫ్‌కి ముందే పైలట్లు వీ1 అనే వేగాన్ని లెక్కగట్టి పెట్టుకుంటారు. ఆ వేగం అందుకునేలోగా ఇంజను పోతే బ్రేకులు వేసి రన్‌వే మీదే ఆగాలి. దాటాక పోతే, మిగిలిన ఇంజనుతోనే పైకి లేవాలి. దీన్ని నేను డేటాబేస్ భాషలో ఇలా అర్థం చేసుకుంటాను: వీ1 దాకా రోల్‌బ్యాక్ కుదురుతుంది, ఆ తరువాత కమిట్ చెయ్యక తప్పదు.

తడి రన్‌వే మీద బ్రేకుల పట్టు తగ్గుతుంది, ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. రన్‌వేని సాగదీయలేం కనక వీ1ని తగ్గిస్తారు. అయితే ఇది ఊరికే రాదు. తక్కువ వేగంలో ఇంజను పోయినా ముందుకే వెళ్ళాలి కనక, ఒక్క ఇంజనుతో చాలా దూరం పరుగెత్తాలి. అందుకే, ఇంజను పోయినా టేకాఫ్ దూరం ముగిసేసరికి 35 అడుగుల ఎత్తులో ఉండాలన్న నిబంధనని తడి రన్‌వేకి 15 అడుగులకి సడలించారు. అంటే భద్రత కోసం దాచుకున్న దాంట్లోంచి కొంత వాడుకుంటున్నామన్నమాట. అప్పటికీ లెక్క కుదరకపోతే విమానం బరువు తగ్గించాలి.

సగం కరిగిన మంచు పేరుకుంటే చిక్కు ఇంకా పెద్దది. చక్రాలు ఆ బురదని దున్నుకుంటూ పోవాలి కనక వేగమే పుంజుకోదు. ఆగడమూ కష్టమే, ఎగరడమూ కష్టమే.

1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో జరిగింది ఇదే. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు ఎక్కిన విమానం 117 నాట్ల వేగం అందుకుంది. నేల విడవడానికి 119 కావాలి. రన్‌వే చివరి వైపున్న మంచు బురదలోకి వెళ్ళగానే వేగం 105కి పడిపోయింది. ఆగడానికి జాగా లేదు. 44 మందిలో 23 మంది చనిపోయారు, వారిలో 8 మంది ఆటగాళ్ళు. రెక్కల మీది మంచే కారణమంటూ జర్మన్ దర్యాప్తు కెప్టెన్ జేమ్స్ థెయిన్‌ని తప్పుపట్టింది. ఆయన తప్పు లేదని బ్రిటిష్ నివేదిక చెప్పేసరికి 1969 వచ్చింది.

వీ1 ఎంత కచ్చితంగా లెక్కగట్టినా, రన్‌వే గురించి అందిన సమాచారం తప్పయితే ఆ లెక్కా తప్పే. 2021 నవంబరు నుంచి అమలైన అంతర్జాతీయ పద్ధతిలో రన్‌వేని మూడు భాగాలు చేసి, ఏ భాగంలో ఏం పేరుకుందో, ఎంత లోతుందో విడివిడిగా చెబుతారు. మ్యూనిక్ రన్‌వే మొదటి భాగం చూస్తే చివరి భాగం సంగతి తెలిసేది కాదు మరి.