పన్నెండో పేరు

పిల్లలూ, నాకిది ఐదో బదిలీ. ఏ ఊరు వెళ్లినా బ్యాడ్మింటన్ పోటీల పట్టిక గీసే పని తెలుగు టీచర్‌కే పడుతుంది, ఎందుకో మరి!

నాకౌట్ పట్టికకు చిన్న లెక్క తెలియాలి. ఒక ఏడాది అమ్మాయిల సింగిల్స్‌కు 11 పేర్లు వచ్చాయి. 2, 4, 8, 16 వరుసలో 11 తర్వాత వచ్చేది 16. 16లోంచి 11 తీసేస్తే 5. అంటే ఐదుగురు మొదటి రౌండు ఆడకుండానే రెండో రౌండుకు వెళ్తారు. దీన్నే ‘బై’ అంటాం. మిగిలిన ఆరుగురికి మూడు ఆటలు. గెలిచిన ముగ్గురూ, బై వచ్చిన ఐదుగురూ కలిస్తే ఎనిమిది. ఆటకొకరు చొప్పున తప్పుకుంటారు కాబట్టి మొత్తం ఆటలు 10.

పట్టిక గోడకు అంటించిన మర్నాడే ఒకమ్మాయి బడిలో కొత్తగా చేరింది. వాళ్ల నాన్నగారికి బదిలీ. “నేనూ ఆడొచ్చా సార్?” అంది. 12 మంది అయితే బైలు నాలుగే. ఎవరో ఒకరి బై పోవాలి. మళ్లీ చీట్లు తీశాం. బై పోయిన అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె కోపమూ న్యాయమే.

చీట్లలో ఆ ఇద్దరికే జత కుదిరింది. కొత్తమ్మాయి తన స్కోరు 7 ఉండగా కుడి కోర్టు నుంచి సర్వ్ చేసింది. సర్వ్ చేసేవారి స్కోరు సరి సంఖ్యయితే కుడివైపు, బేసి అయితే ఎడమవైపు నిలబడాలి. షటిల్ ఐమూలగా ఎదుటి కోర్టులో పడాలి. “పాయింటు తీసెయ్యండి!” అని చుట్టూ కేకలు. నిబంధన అలా లేదు. నిలబడే చోటు సరిదిద్దుతారు, వచ్చిన స్కోరు అలాగే ఉంటుంది. ఆ మాట నాకంటే ముందు చెప్పింది బై పోయిన అమ్మాయే.

ఆట మాత్రం 21-18తో తనే గెలిచింది.