రేర్ కారు అంటే అసలు ఎన్ని కార్లు?

మన హాస్టల్లో కార్ల పిచ్చోళ్లకు కొదవ లేదు. రోజుకో రీల్ షేర్ అవుతూనే ఉంటుంది. "ప్రపంచం మొత్తం మీద ఇన్నే ఉన్నాయి మామా" అని కింద ఓ లైను. అది చూసినప్పుడల్లా నాకు వచ్చే డౌట్ ఒకటే. "ఇన్నే" అంటే ఏవి? ఫ్యాక్టరీలో ఇన్నే తయారయ్యాయా? ఇన్నే అమ్ముడుపోయాయా? ఇన్నే మిగిలాయా? ఈ మూడూ వేర్వేరు అంకెలు. ఒక దాని బదులు ఇంకోటి వాడితే సమాధానం సగానికి సగం మారిపోతుంది. ఈ వ్యాసం ఆ తేడా గురించే. స్పోర్ట్స్ కార్ల జోలికి పోకుండా లగ్జరీ సెడాన్లనే తీసుకున్నాను. ఎందుకంటే "రేర్" అనే మాటతో ఎక్కువ మోసం జరిగేది వీటి దగ్గరే. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకటి లక్షల్లో తయారై ఉంటుంది, ఇంకోటి వేలల్లో.

దీనికి నాకు తెలిసిన బెస్ట్ ఉదాహరణ మెర్సిడెస్ 500 ఇ.

1980ల మధ్యలో మెర్సిడెస్ ఒక మీడియం సైజు కారు తెచ్చింది. కంపెనీ లోపల దాని కోడ్ డబ్ల్యు 124. జర్మనీలో ట్యాక్సీగా తిరిగింది, డాక్టర్లు కొన్నారు, అన్ని దేశాలకూ వెళ్లింది. సెడాన్, ఎస్టేట్, కూపే అన్నీ కలిపితే 25 లక్షల పైనే తయారయ్యాయి. అంటే రేర్ అనే మాటకు పూర్తిగా వ్యతిరేకం. ఇదే కారులో 1990లో పారిస్ మోటార్ షోలో ఒక వెర్షన్ చూపించారు. పెద్ద కార్లలో పెట్టే 5 లీటర్ల వి8 ఇంజన్ తీసుకొచ్చి ఈ చిన్న బాడీలో కూర్చోబెట్టారు. పవర్ సుమారు 326 హార్స్‌పవర్. ఆ రోజుల్లో ఒక ఫ్యామిలీ సెడాన్‌కి అది మామూలు విషయం కాదు.

మనకి, అంటే మెకానికల్, ప్రొడక్షన్ వాళ్లకి, అసలు ఇంట్రెస్టింగ్ భాగం ఇక్కడ మొదలవుతుంది. పెద్ద ఇంజన్, వెడల్పు టైర్లు పెట్టాలంటే ముందు ఫెండర్లు బయటికి ఉబ్బాలి. మామూలు డబ్ల్యు 124 కన్నా ఈ కారు కొన్ని సెంటీమీటర్లు వెడల్పు. అంతే తేడా. కానీ ఆ కొన్ని సెంటీమీటర్ల వల్ల జిండెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీలో ఉన్న అసెంబ్లీ లైన్ మీద ఈ కారు పట్టలేదు! లక్షల కార్ల కోసం కట్టిన లైన్‌ని కొన్ని వేల కార్ల కోసం ఎవరు మారుస్తారు?

అదే టైములో దగ్గర్లోనే ఉన్న పోర్షె కంపెనీకి సేల్స్ పడిపోయి, జుఫెన్‌హౌజెన్ ఫ్యాక్టరీలో పని లేక కూర్చున్నారు. మెర్సిడెస్ వాళ్లు డెవలప్‌మెంట్ పనితో పాటు అసెంబ్లీ కాంట్రాక్ట్ కూడా పోర్షెకి ఇచ్చారు. ఇక ఆ కారు పడ్డ తిప్పలు చూడండి. బాడీ భాగాలు మెర్సిడెస్ నుంచి పోర్షెకి వెళ్తాయి. అక్కడ బాడీ తయారై పెయింట్ కోసం మళ్లీ మెర్సిడెస్‌కి వస్తుంది. పెయింట్ అయ్యాక ఇంజన్, ఇంటీరియర్ ఫిట్టింగ్ కోసం మళ్లీ పోర్షెకి. చివరి చెకింగ్, డెలివరీకి మళ్లీ మెర్సిడెస్‌కి. ఒక్కో కారుకి 18 రోజులు పట్టేది. 1990 నుంచి 1995 దాకా ఇలా తయారైన కార్లు 10,479.

25 లక్షల్లో 10,479 అంటే దాదాపు 240 కార్లకి ఒకటి. ఈ కారు తక్కువగా తయారవడానికి ముఖ్య కారణం డిమాండ్ లేకపోవడం కాదు, ప్రాసెస్. ఎంత తోసినా ఆ రూటులో అంతకన్నా ఎక్కువ కార్లు బయటికి రావు. ప్రొడక్షన్ అంకె చూసినప్పుడు మనం అడగాల్సిన రెండో ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం: తక్కువ ఎందుకు తయారయ్యాయి?

ఎందుకంటే కారణం మారితే ఆ అంకెకి అర్థమే మారిపోతుంది. ఫోక్స్‌వ్యాగన్ ఫేటన్ చూడండి. ఫెర్డినాండ్ పీయెష్ పట్టుబట్టి చేయించిన కారు. జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో గోడలన్నీ అద్దాలతో ఒక ఫ్యాక్టరీ కట్టారు, కొనేవాళ్లు వచ్చి తమ కారు తయారవుతుంటే చూడొచ్చు. ఏడాదికి 20,000 కార్లు చేయాలని ప్లాన్. 2001 చివర్లో మొదలై 2016లో ఆగిపోయేదాకా మొత్తం తయారైనవి 84,235. ప్లాన్ ప్రకారం 14 ఏళ్లకి 2,80,000 కావాలి. అంటే 30 శాతం. మంచి కారే, ఇంజనీరింగ్‌కి వంక పెట్టలేం. కానీ బానెట్ మీద ఫోక్స్‌వ్యాగన్ బ్యాడ్జ్ చూసి అంత డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు. అమెరికాలో అయితే కొన్నేళ్లకే అమ్మడం ఆపేశారు. కాబట్టి అమెరికా రోడ్ల మీద ఫేటన్ నిజంగానే అరుదు. అయినా అది ఎవరికీ దొరక్క అరుదైంది కాదు, ఎవరూ కొనక అరుదైంది. సెకండ్ హ్యాండ్ రేటు ఈ రెండింటినీ ఒకేలా చూడదు.

ఇంకా తమాషా అయినది బెంట్లీ టి. 1965 నుంచి 1980 వరకు రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో, బెంట్లీ టి దాదాపు ఒకటే కారు. గ్రిల్, బ్యాడ్జీలు, చిన్నాచితకా మార్పులు, అంతే. షాడో రెండు సిరీస్‌లూ కలిపి 25 వేల పైచిలుకు తయారైతే, బెంట్లీ టి రెండు సిరీస్‌లూ కలిపి 2,300 లోపే. అంటే పది రెట్లు అరుదు. మరి రేటు పది రెట్లు ఉందా అంటే అదేం లేదు. లోపల ఉన్న ఇంజన్ అదే, సీటు అదే, తోలు అదే.

డబ్బున్నవాళ్లకి మాత్రమే అందేలా ఉండి అరుదైనవి వేరే. మెర్సిడెస్ 600 అని 1963లో వచ్చింది, 1981 వరకు చేశారు. అన్నేళ్లలో మొత్తం 2,677. ఇక రోల్స్ రాయిస్ ఫాంటమ్ 4 అయితే కేవలం 18. రాజకుటుంబాలకీ దేశాధినేతలకీ తప్ప అమ్మలేదు. అక్కడ స్టాటిస్టిక్స్ అక్కర్లేదు, ఒక్కో కారు ఎక్కడుందో పేరుపెట్టి చెప్పేస్తారు.

ఇప్పుడు రీల్స్ వాళ్లు చేసే అసలు ట్రిక్‌కి వద్దాం. నేను దీన్ని ముక్కల లెక్క అంటాను. 500 ఇ మొత్తం 10,479 కదా. ఉదాహరణకి 15 రంగులు, 6 రకాల ఇంటీరియర్, లెఫ్ట్ హ్యాండ్ అమెరికా కార్లు ఒక గుంపు, మిగతావి ఒక గుంపు, నాలుగు మోడల్ ఇయర్లు అనుకుందాం (ఇవి లెక్క కోసం నేను పెట్టుకున్న అంకెలు). 15×6×2×4 అంటే 720 గడులు. 10,479ని 720తో భాగిస్తే సగటున గడికి 15 కూడా రావు. పైగా జనం అందరూ నలుపు, సిల్వర్ రంగులే తీసుకుంటారు కాబట్టి చాలా గడుల్లో ఒకటీ రెండూ మాత్రమే ఉంటాయి. అంతే, "ప్రపంచంలో ఒకే ఒక్కటి" అనే బోర్డు రెడీ! ఈ పద్ధతిలో మన క్యాంటీన్ వెనక ఆగి ఉన్న మారుతి 800ని కూడా ప్రపంచంలో ఒకే ఒక్కటి అని నిరూపించొచ్చు. రంగు, సంవత్సరం, సీటు కవరు, డోర్ మీద గీత అన్నీ కలుపుకుంటూ పోతే చాలు. ఇంకో విషయం, 1993లో మెర్సిడెస్ పేర్లు తిరగేసింది, 500 ఇ కాస్తా ఇ 500 అయింది. కారు అదే. కానీ అమ్మేవాడు తన పేరున్న సగాన్నే లెక్కపెట్టి అంకె చెబుతాడు.

తయారైనవి సరే, ఎన్ని మిగిలాయి? ఇక్కడ మనకి రిలయబిలిటీ సబ్జెక్టులో చెప్పే ఫెయిల్యూర్ రేట్ పనికొస్తుంది. ఏడాదికి 4 శాతం కార్లు యాక్సిడెంట్లకీ తుప్పుకీ పోతాయనుకుంటే 30 ఏళ్లకి మిగిలేది 0.96 పవర్ 30, అంటే సుమారు 29 శాతం. 10,479లో ఓ 3,000. అదే 2 శాతం అనుకుంటే 5,700 దాకా ఉంటాయి. 6 శాతం అంటే 1,600. చూడండి, ఒక్క ఊహ మారితే జవాబు మూడున్నర రెట్లు మారుతోంది. పైగా రేటు ఎప్పుడూ ఒకేలా ఉండదు. కారు పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో చవకైపోయి, రిపేరు ఖర్చు కారు రేటుని దాటుతుంది. స్క్రాప్‌కి ఎక్కువ వెళ్లేది అప్పుడే. ఆ గండం దాటి, "క్లాసిక్" అనే పేరు వచ్చాక మాత్రం షెడ్డులో కప్పి దాచుకుంటారు, పోయే రేటు బాగా పడిపోతుంది. మనం చదివిన బాత్‌టబ్ కర్వ్‌కి ఇది దాదాపు తిరగేసిన బొమ్మ. బ్రిటన్‌లో అయితే ఏ మోడల్ కార్లు ఎన్ని రోడ్డు మీద ఉన్నాయో, ఎన్ని పక్కన పెట్టారో ప్రభుత్వమే లెక్కలు ఇస్తుంది. అక్కడ ఊహించే పని తక్కువ. మన దగ్గర పాత బండి తుక్కుకి వేసినా ఆర్సీ క్యాన్సిల్ చేయించేవాళ్లు తక్కువ కాబట్టి రికార్డుల్లో చనిపోయిన బళ్లు కూడా బతికే ఉంటాయి.

మన దేశం సేల్స్ లెక్కల్లో ఇంకో రెండు గుంటలున్నాయి. సియామ్ ఇచ్చేవి ఫ్యాక్టరీ నుంచి డీలర్‌కి పంపిన కార్ల లెక్కలు. అవి ఇంకా షోరూమ్‌లోనే ఉండొచ్చు. కస్టమర్ పేరు మీద రిజిస్టరైనవి కావాలంటే డీలర్ల సంఘం ఫాడా ఇచ్చే లెక్క చూడాలి. అది వాహన్ పోర్టల్ డేటా మీద ఆధారపడుతుంది, తెలంగాణ రవాణా శాఖది వేరే సిస్టమ్ కావడంతో చాలా ఏళ్లపాటు అందులో తెలంగాణ అంకెలే లేవు. జూబ్లీహిల్స్ లేకుండా లగ్జరీ కార్ల లెక్క! ఇక సియామ్ నెలవారీ పట్టికల కింద ఓ చిన్న గమనిక ఉంటుంది, మెర్సిడెస్, బీఎండబ్ల్యూ లాంటి కంపెనీల డేటా ఇందులో లేదని. అంటే లగ్జరీ సెడాన్ గురించి వెతికేవాడికి కావలసిన వరుసే ఆ పట్టికలో ఉండదు. కంపెనీ స్వయంగా ప్రకటించే అంకెలే దిక్కు. మెర్సిడెస్ 2024లో మన దేశంలో 19,565 కార్లు అమ్మింది. ఆ ఏడాది దేశంలో అమ్ముడైన ప్యాసింజర్ బళ్లు సుమారు 43 లక్షలు. అంటే 220కి ఒకటి. సరదాగా గమనించండి: జర్మనీవాడికి డబ్ల్యు 124లలో 500 ఇ ఎంత అరుదో, మన షోరూముల్లో అమ్ముడయ్యే కార్లలో మామూలు మెర్సిడెస్ దాదాపు అంత అరుదు.

ఇదంతా నేను ఊరికే తవ్వలేదు. పోయిన సెలవుల్లో మా బాబాయ్ ఒక పాత ఇ 220 కొంటానని బయల్దేరాడు. పుణెలో 1995లో మెర్సిడెస్ అసెంబ్లీ మొదలుపెట్టినప్పుడు మొదట చేసింది ఈ డబ్ల్యు 124నే, ఆ కాలపు బండి. విజయవాడలో ఒక బ్రోకర్ చూపించాడు. బండి బాగుంది. కానీ ఉండాల్సిన రేటు మీద ఇంకో రెండు లక్షలు అడుగుతున్నాడు. "రేర్ పీస్ సార్, ఫారిన్‌లో దీని బాడీతోనే పోర్షె వాళ్లు చేశారు, పదివేలే ఉన్నాయి, గూగుల్ చేసుకోండి" అన్నాడట. గూగుల్ చేస్తే నిజంగానే పదివేలు అని వచ్చింది! చెల్లి బీటెక్ ఫీజుకని పక్కన పెట్టిన డబ్బులోంచి ఆ రెండు లక్షలు సర్దుదామని బాబాయ్ ఆలోచన. పిన్ని నాకు ఫోన్ చేసింది, "మీ బాబాయ్‌కి నువ్వన్నా చెప్పరా" అని.

నేను కారు వద్దని చెప్పలేదు. ఛాసిస్ నంబర్ ఫోటో పంపమన్నాను. యూరప్‌లో అమ్మిన 500 ఇ నంబర్లో 124036 అని కనిపిస్తుంది. ఇ 220 టైప్ నంబర్ 124022. బాబాయ్ పంపిన ఫోటోలో ఉన్నది 124022. ఇంజన్ కూడా నాలుగు సిలిండర్లదే, వి8 కాదు. బ్రోకర్ చెప్పిన అంకె కరెక్టే, కానీ ఆ అంకె ఈ కారుది కాదు.

"అంటే ఇది మామూలు బండా?" అన్నాడు బాబాయ్, కొంచెం డల్‌గా. మామూలు కావడమే మంచిది బాబాయ్ అన్నాను. లక్షల్లో తయారైంది కాబట్టే దీనికి ఇప్పటికీ కొత్తవీ పాతవీ స్పేర్లు దొరుకుతున్నాయి, చేసే మెకానిక్కులూ ఉన్నారు. అదే 500 ఇ అయితే ముందు ఫెండర్ ఒక్కటి సొట్టపడినా, మామూలు డబ్ల్యు 124ది పట్టుకొచ్చి బిగించడానికి కుదరదు. ఆర్సీ పదిహేనేళ్లు దాటాక రెన్యూ అయిందా, ఎప్పటివరకు ఉంది, అడుగున తుప్పు ఎంత, ఇంజన్ వైరింగ్ పైన తొడుగు పెళుసుబారిందా, ఇవి చూడమన్నాను. ఆ ఏళ్ల మెర్సిడెస్‌లకి వైరింగ్ జబ్బు బాగా తెలిసిందే.

బాబాయ్ మర్నాడు వెళ్లి రెండు లక్షలు తగ్గించమన్నాడు. బ్రోకర్ ముందు కోప్పడి, తర్వాత లక్షన్నర దాకా దిగాడట. వైరింగ్ చూపించాక మిగతా సంగతి మాట్లాడదాం అని చెప్పి వచ్చేశాడు. ఫీజు డబ్బు మాత్రం పిన్ని బ్యాంకులో వేసేసింది.