మన పేర అన్యులు చేయు అప్పులు: పరపతి కాపలా సేవలను ఎంచుకొను విధము

మా సంఘ సభ్యులలో నొకరు, మూడెకరముల మాగాణి గల రైతు, గత వేసవిలో బోరునకు మోటారు కొనుటకై బ్యాంకునకు దరఖాస్తు పెట్టుకొనిరి. ఆయన ఇంతవరకు ఒక్క కిస్తీయైనను తప్పినవారు కారు. అయినను బ్యాంకువారు అప్పు నిరాకరించిరి. కారణమడుగగా, ఆయన పేర మోటారు సైకిలు కొరకొకటి, సెల్‌ఫోను కొరకొకటి, రెండు బాకీలున్నవనియు, రెండును నెలల తరబడి చెల్లింపబడలేదనియు తెలిపిరి. మోటారు సైకిలు నడుపుటయే యెరుగని మనిషి ఆయన! విచారింపగా, అంతకు ముందేడు ఒక దుకాణములో ఆధారు, పాను కార్డుల నకళ్లు ఇచ్చి వచ్చినట్లు మాత్రము జ్ఞప్తికి వచ్చినది. ఆ నకళ్లే ఈ పని చేసినవో, మరెక్కడివో నేటికిని తేలలేదు.

ఇట్టి మోసమును గుర్తింపు చౌర్యమందురు. పూర్వము ప్రోనోటు వ్రాయునపుడు సాక్షులిద్దరు మొగము చూచి సంతకము చేసెడివారు. ఇప్పుడు అప్పిచ్చువాడు పెక్కుసార్లు మొగము చూడడు. పేరు, పుట్టిన తేది, పాను సంఖ్య, ఫోను సంఖ్య సరిపోయినచో చాలును. ఆ నాలుగు ముక్కలు ఎవని చేతికి చిక్కిన వాడు మనమైపోవును. వ్రేలిముద్రయైనను భద్రమని తలపరాదు. 2018లో తెలంగాణలో, భూముల రిజిస్ట్రేషను దస్తావేజులపై నుండిన వ్రేలిముద్రల నుండి రబ్బరు ముద్రలు తయారుచేసి, వానితో సిమ్ కార్డులను చెలామణి చేసిన సంగతిని పోలీసులు బయటపెట్టిరి. భూమి అమ్మినవారును కొన్నవారును రైతులే గదా.

ఈ మోసమును ముందుగా కనిపెట్టు మార్గము కలదు. మన దేశమున 2005 నాటి చట్టము క్రింద రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన పరపతి సమాచార సంస్థలు నాలుగు గలవు. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. వీనిలో సిబిల్ ముందుగా, 2000లో స్థాపింపబడినది. అందువలన మనవారు దేనినైనను సిబిల్ అనుట వాడుకైపోయినది. బ్యాంకులు, సహకార బ్యాంకులు, వడ్డీ వ్యాపారపు కంపెనీలు తామిచ్చిన అప్పుల లెక్కలను ఈ నాలుగింటికిని పంపవలెను. 2025 జనవరి నుండి కనీసము పక్షమునకొకసారి పంపవలెనని నియమమైనది. ఆ లెక్కల నుండి ప్రతి మనిషికిని ఒక నివేదికయు, 300 మొదలు 900 వరకు నుండు ఒక స్కోరును తయారగుచున్నవి.

పరపతి కాపలా సేవ యనగా, ఈ నివేదికను మన బదులు మరియొకరు కనిపెట్టుచుండి, క్రొత్త అప్పు గాని, అప్పు కొరకైన విచారణ గాని కనబడినంతనే మనకు తెలుపుట. ఇందు ఒక భ్రమను మొదటనే విడువవలెను. కాపలాకుక్క మొరుగును గాని దొంగ చేయి పట్టుకొనలేదు. ఈ సేవయును అట్టిదే. అప్పు పుట్టకుండ ఆపజాలదు. పుట్టిన సంగతిని త్వరగా చెప్పును. త్వరగా తెలియుటయే ఇందలి లాభము. వడ్డీ పెరుగకముందు, వసూలు మనుష్యులు వాకిట నిలువకముందు ఫిర్యాదు చేయవచ్చును.

రుసుము చెల్లించి ఇట్టి సేవను కొనుటకు ముందు, రుసుము లేకయే లభించునదేమో చూడుడు. 2017 నుండి ప్రతి సమాచార సంస్థయు, అడిగిన మనిషికి సంవత్సరమున కొకసారి పూర్తి నివేదికను స్కోరుతో సహా ఉచితముగా నీయవలెను. సంస్థలు నాలుగు గనుక, నాలుగింటిని ఒకే దినమున అడుగక, సంక్రాంతికొకటి, ఉగాదికొకటి, ఏరువాక తరువాత నొకటి, దసరాకొకటి చొప్పున తెప్పించుకొన్నచో, ఏడాది పొడవునను కనిపెట్టినట్లే యగును. స్వయముగా చూచుకొనుటవలన స్కోరు తగ్గునని కొందరు భయపడుచున్నారు. అది నిజము కాదు.

రెండవది ఇంతకంటె ముఖ్యము. బ్యాంకుగాని కంపెనీగాని మన నివేదికను చూచినప్పుడు, సమాచార సంస్థ మన ఫోనునకు గాని ఈమెయిలునకు గాని సందేశము పంపవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆజ్ఞాపించినది. ఇది కూడ ఉచితమే. అయితే మన సరియైన ఫోను సంఖ్య వారివద్ద నున్ననే గదా సందేశము వచ్చుట! మన సభ్యులలో ఎందరి బ్యాంకు ఖాతాలకు బావమరది సంఖ్యయో, పట్టణమునకు పోయిన మేనల్లుని సంఖ్యయో, ఎన్నడో పారవేసిన సిమ్ సంఖ్యయో ఉన్నదో! పైన చెప్పిన రైతు సంగతియు నిదియే. ఆయన ఖాతాకుండినది వాడుకలో లేని సంఖ్య. ఈ సంచిక చదివిన వారము లోపల పాసుపుస్తకము తీసికొనిపోయి, మీ సంఖ్య మీదేనా యని బ్యాంకులో విచారించుకొనుడు.

ఈ రెండును సరిచేసికొన్న పిదపను కాపలా సేవ కావలెనన్నచో, అమ్మువారిని కొన్ని ప్రశ్నలడుగుడు. నాలుగు సంస్థలలో ఎన్నింటిని మీరు చూచెదరు? ఈ ప్రశ్నకు బదులు చాల సేవలకు ఒకటియే. అప్పుల లెక్క నాలుగింటికిని పోవుట నియమమైనను, అప్పు కొరకైన విచారణ మాత్రము కంపెనీ ఏ సంస్థను అడిగినదో ఆ సంస్థ పుస్తకములోనే పడును. దొంగ క్రిఫ్ హైమార్కు నివేదికతో అప్పు పొందినచో, సిబిలును మాత్రము చూచు కావలివానికి ఆ అడుగుల చప్పుడు వినబడదు. స్త్రీల సంఘములకు చిన్న అప్పులిచ్చు కంపెనీల లావాదేవీలున్న యిండ్లవారు ఈ విషయమును విశేషముగా గమనింపవలెను.

స్కోరు మాత్రమే చూపెదరా, నివేదిక యంతయు చూపెదరా? ఇది రెండవ ప్రశ్న. దొంగ అప్పు పుట్టిన క్రొత్తలో స్కోరు అంతగా పడకపోవచ్చును. మొదటి కిస్తీలు తప్పిన పిదపనే అది కూలును. కావున స్కోరు బాగున్నదని నిద్రపోరాదు. చూడవలసినది అప్పుల జాబితా, విచారణల జాబితా, మన చిరునామా. మనమెన్నడు నుండని ఊరు చిరునామాగా కనబడెనా, అదియే మొదటి ఆనవాలు.

ఉచితముగా స్కోరు చూపెదమను యాప్‌ల సంగతి వేరు. వీనిలో పెక్కు అప్పులను, కార్డులను మనచే తీయించి, కమీషను సంపాదించి బ్రతుకును. అది నేరమేమియు కాదు. కాని కావలివాడే సంతలో దళారియని తెలిసి వాడుకొనుడు. మన నివేదికను చూచుటకు ఎంతకాలమునకు అనుమతి అడుగుచున్నారో చదువక ఒప్పుకొనకుడు. ఏటేట రుసుము తనంతట ఖాతాలో తెగుచుండునా, మానుకొను విధమెట్లు అనునవి వ్రాతలో చూచుకొనుడు. ఓటీపీ చెప్పుమనియు, స్కోరు పెంచెదమనియు ఫోనులో పలుకువానిని కాపలాదారుగా గాక దొంగగానే యెంచవలెను. నిజమైన అప్పును ఎవరును రుసుము తీసికొని నివేదిక నుండి చెరిపివేయలేరు.

నా అభిప్రాయమడిగినచో, పంట అప్పు తప్ప వేరు లావాదేవీ లేని చిన్న రైతుకు రుసుముతో కూడిన సేవ అక్కరలేదు. ఒకసారి మోసపోయినవారికి, కాగితములు పోగొట్టుకొన్నవారికి, విదేశములో పిల్లలవద్ద నుండు వృద్ధులకు ఒక యేడాదికి తీసికొనుట మంచిది.

కాపలాకంటె ముందు తలుపు మూయుటయు నేర్వవలెను. ఆధారు నకలు అడిగినచోట, మొదటి ఎనిమిది అంకెలు కనబడని నకలును ఇయ్యవచ్చును. నకలుపై ఎవరికి, ఎందులకు, ఏ తేదిని ఇచ్చితిరో అడ్డముగా వ్రాసి సంతకము చేయుడు. ఆధారు సంస్థవారి వెబ్‌సైటులోను యాప్‌లోను వ్రేలిముద్రలకు తాళము వేయు ఏర్పాటున్నది. రేషను దుకాణములో వ్రేలు వేయవలసిన దినమున దానిని తాత్కాలికముగా తెరువవలెను గనుక, ఇంటిలో చదువుకొన్న పిల్లలచే నేర్చుకొని చేయుడు. మన పేర ఎన్ని ఫోను సంఖ్యలున్నవో సంచార్ సాథీ వెబ్‌సైటులో తెలియును. మనవి కానివానిని అక్కడనే తెలుపవచ్చును.

దొంగ అప్పు బయటపడినచో, అప్పిచ్చిన కంపెనీకిని, నివేదికలో అది కనబడిన ప్రతి సమాచార సంస్థకును వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. సమాచార సంస్థ తనంతట లెక్కను మార్చజాలదు, అప్పిచ్చినవారు ఒప్పుకొనవలెను. 30 దినములలో పరిష్కరింపనిచో, ఆపైన దినమునకు 100 రూపాయల చొప్పున మనకు పరిహార మీయవలెనను నియమము 2024 ఏప్రిలు నుండి అమలులోనున్నది. కావున ఫిర్యాదు సంఖ్యను, తేదిని భద్రపరచుడు. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు ఉచితముగా వ్రాసికొనవచ్చును. సమాచార సంస్థలు 2022 నుండి ఆయన విచారణ పరిధిలోనికి వచ్చినవి. పోలీసు ఫిర్యాదు తప్పనిసరి; సొమ్ము పోయినచో ఆలస్యము లేక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

మా సభ్యుడు ఈ మార్గముననే నడిచెను. సంఘ కార్యదర్శిగారు పత్రములు వ్రాసి పెట్టిరి. సెల్‌ఫోను బాకీ నివేదిక నుండి తొలగింపబడినది. మోటారు సైకిలు బాకీ విషయములో, సంతకమును తన సంతకముతో పోల్చి చూడుడని ఆయన కోరియున్నారు, జవాబు రావలసియున్నది. బోరు మోటారును ఈ కారునకు అద్దెకు తెచ్చుకొనిరి.